సంత ఎప్పుడని అడిగే సార్

సార్ పోయిండని కోంటా నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆటలు నేర్పే గీదం హాస్టల్ పిల్లలతోటి గ్రౌండు మీద ఉన్న. ఫోన్ చేసింది సార్ భార్య. "ఏమే, మీ సార్ పోయిండే" అని ఫోన్ పెట్టేసింది. పిల్లలు రౌండు కొట్టుకుంట నా ముందు నుంచి పోతున్నరు. ఇంకెన్ని రౌండ్లని ఒకతి "మేడం, ఔర్ కిత్నా?" అని అరిసింది. నేనేం జవాబు చెప్పిన్నో యాదికి లేదు. పాపం, అలిసిపోయి వాళ్లంతట వాళ్లే ఆగిండ్రు.

సార్ అంటున్న గానీ ఆయన పంతులు కాదు. కోంటాల కిరాణా సావుకారు. తాతల కాలంల ఉప్పు, బెల్లం అమ్ముకుంట వచ్చి ఈడనే నిలబడిపోయిన కుటుంబం. బజారంతా ఆయన్ని సేఠ్‌జీ అంటుండె, మేం గ్రౌండు పిల్లలం మాత్రం సార్ అంటుంటిమి. మా బడికి ఆటల మాస్టారు పోస్టు ఉండె గానీ ఆ పోస్టుల మనిషి ఉండకపోయె. ఈయన దుకాణం తెరిచే ముందు మా గ్రౌండుకొచ్చి నిలబడుడు ఎప్పుడు షురువైందో, ఎందుకు షురువైందో ఎవ్వరికీ తెల్వది. అడిగితే "పొద్దున్నే నాకు నిద్ర పట్టదు, మీకు కూడ పట్టనియ్య" అనేటోడు.

మనిషిని చూస్తే ఉరుకుడు నేర్పేటోడని ఎవ్వరూ అనుకోరు. ఇంత పొట్ట. లుంగీ మడిచి కట్టి, కాళ్లకు కాన్వాసు బూట్లు. విజిల్‌కు దారం లేక దుకాణంల పొట్లాలు కట్టే సుతిలి కట్టి మెడకు ఏసుకునేటోడు. చేతులెట్ల ఊపాల్నో చూపిచ్చేటప్పుడు అడుగు కూడ ముందుకెయ్యకుండ నిలబడ్డ కాడనే మోచేతులు వెనుకకు గుంజుతుంటే పొట్ట అటు ఇటు ఊగుతుండె. మేం నవ్వు ఆపుకోలేక సచ్చేటోళ్లం. ఆయనకు తెలుసు మేం నవ్వుతున్నమని. ఇంకింత జోరుగ ఊపేటోడు.

ఆయన నోట ఏ మాటైనా దుకాణం మాటే. "ఇయ్యాల అరకిలో తక్కువ ఉరికినవ్ పోరీ, తూకంల మోసం చేస్తున్నవ్." "ఆఖరి రౌండుకు బెల్లం దాచుకో, మొదట్నే అంతా పంచిపెట్టకు." తిట్టేది తెలుగుల, లెక్కపెట్టేది హిందీల, బుజ్జగించేది ఆ దిక్కు ఆదివాసీల డోర్లీ భాషల. ఉరికినంక ఒక్కొక్కరికి గుప్పెడు నానబెట్టిన శెనగలు, ఒక బెల్లం ముక్క. నోట్లె ఏసుకొని నమిలి మింగేదాక ఎదురుంగ నిలబడేటోడు. నడుమ నడుమ తన కింది రెప్ప తానే కిందికి గుంజి చూపిచ్చి, "మీరు కూడ గుంజుండ్రి, ఎర్రగ ఉందా తెల్లగ ఉందా చూసుకోండ్రి ఒకరికొకరు" అనేటోడు. తెల్లగ ఉంటే ఒంట్ల రక్తం తక్కువన్నట్టు, మా అందరిల సగం మందికి తెల్లగనే ఉండేది. ఆడపిల్లల్ని తాను ముట్టుకునేటోడు కాదు, దూరం నుంచే అన్నీ.

ఒక ఎండకాలం పొద్దున నేను రౌండు నడుమల పడిపోయిన. నాకు నెలసరి మొదటి రోజు. కడుపుల పేగులు మెలేసినట్టు నొప్పి. అమ్మకు చెప్తే ఇంట్లనే కూసోబెడ్తదని చెప్పకుండ వచ్చిన. కళ్లు తెరిచేసరికి సార్ తన తువ్వాల రెండు చేతుల్ల చాపి నా మొఖానికి నీడ పట్టుకొని నిలబడ్డడు. "ఏమైందే, ఏం తిన్నవే?" అని ఒకటే అడుగుడు. నేనేం చెప్తా? సార్ భార్యను పిలుచుకొచ్చిండ్రు. ఆమె నన్ను చూసి, ఆయన చెవుల ఒక్క మాట అన్నది. మా సార్ మొఖం చూడాలె అప్పుడు! తువ్వాల నా మీద పడేసి, బూట్లు కూడ సరిగ్గ పడకుండ, వెనకకు తిరిగి చూడకుండ పోయిండు.

కొన్ని రోజులు గ్రౌండుకే రాలే. మానేసిండేమో అనుకున్నం. తర్వాతొక పొద్దుగాల వచ్చి మమ్ముల వరుసల నిలబెట్టి, తాను మాత్రం మా నెత్తుల మీది నుంచి ఏడనో చూసుకుంట చెప్పిండు:

"ఇనుండ్రి. కోంటా సంత వారానికోసారి. మీ సంత నెలకోసారి. ఎవరి సంత ఎప్పుడన్నది ఆ పొద్దు నాకు చెప్పాలె. ఇంకేం చెప్పొద్దు. నేను ఇంకేం అడగ."

మాకు సమజ్ కాలే. ముందుగాల సమజైంది భీమెకు. మరైగూడ దిక్కు నుంచి వచ్చి హాస్టల్ల ఉండే డోర్ల పిల్ల. రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకొని కిసుక్కుమన్నది. ఆమె చెప్తే ఒకరెనుక ఒకరం అందరం నవ్వుడే. సార్ అట్లనే ఆకాశం చూసుకుంట నిలబడ్డడు. చెవులు మాత్రం ఎర్రగయినయ్.

ఇప్పుడు మా ట్రైనింగులల్ల ఈ ముచ్చట అందరి ముందట బోర్డు మీద బొమ్మ గీసి చెప్తున్నరు. అప్పుడు ఎవరు చెప్పిండ్రు? జరం క్యాంపుకు వచ్చిన డాక్టరమ్మ దుకాణంల సబ్బు కొనబోతే ఆమెను నిలబెట్టి అడిగిండట మా సార్. ఎట్ల అడిగిండో ఆ దేవునికెరుక. మిగిలింది ఫోన్ల వీడియోలు చూసి తెలుసుకున్నడు. అర్థమైనంత వరకు నెలను నాలుగు భాగాలు చేసిండు, దుకాణంల సరుకు అరలకు సర్దినట్టు. సంత రోజులల్ల నడక మాత్రమే. సంత అయిపోయినంక ఒంట్ల బలం ఉంటది, అప్పుడు గట్టిగ ఉరుకుడు. నెల నడుమ మోకాళ్లు జాగ్రత్త, గబుక్కున మలగొద్దు. మళ్ల సంత దగ్గర పడ్డప్పుడు ఒళ్లు వేడెక్కుతది, జల్ది అలుపొస్తది, నీళ్లు బాగ తాగాలె, నిమ్మళంగ ఉరకాలె. ఇది ఆయన పద్ధతి. అందరికీ ఒకటే పద్ధతి.

నా మట్టుకు నాకు ఆ పద్ధతి పాణం నిలబెట్టింది. అబద్ధమెందుకు చెప్పాలె? మొదటి రోజు నడిస్తే చాలు అన్న మనిషిని నేను అప్పటిదాక చూడలే. ఇంట్ల అయితే ముట్టుకోవద్దు, అటు పోవద్దు, వెనుక వసారాల చాప మీద కూసో. బడిల అయితే ఎవరికీ తెల్వనియ్యకుండ దాచిపెట్టుకో. ఈయన ఒక్కడే దాన్ని ఎండ, వాన లెక్క తీసుకున్నడు. ప్యాడ్లు కావాల్నంటే దుకాణానికి పోయి "సార్, చక్కెర" అంటే చాలు. చక్కెర పొట్లం లెక్కనే పేపర్ల చుట్టి, సుతిలి కట్టి చేతుల పెట్టేటోడు. పక్కన నిజంగ చక్కెర కొనేటోళ్లు నిలబడి ఉంటే మాకు లోపల నవ్వు.

భీమె ముచ్చట వేరే. వాళ్ల ఊర్ల ఆ రోజులొస్తే ఆడోళ్లు ఊరి అంచున ఉన్న గుడిసెల ఉండాలె. సెలవులకు ఇంటికి పోయిన ప్రతిసారీ ఈ పిల్ల ఆ గుడిసెల చిక్కుకునేది, తిరిగొచ్చేసరికి కాళ్లు బిగుసుకపోయేవి. సార్ మోపెడేసుకొని ఆ ఊరికి పోయిండు. నన్ను వెనక ఎక్కించుకున్నడు, ఆడపిల్ల ఒకతి తోడుంటే మంచిదని. భీమె నాయిన, ఇద్దరు పెద్దమనుషులు చెట్టు కింద కూసొని ఉన్నరు. ఈయన ఎండల నిలబడే మాట్లాడిండు, డోర్లీల, సగం తప్పులతోటి.

"మీ పద్ధతి నేను కాదనను. మా ఇంట్ల కూడ ఉన్నది, నా భార్య నా మాట కూడ వినదు. గానీ ఈ పిల్ల కాళ్లు మీ గుడిసెవి కావు దాదా. ఆ రోజులకు హాస్టల్ల ఉంచండ్రి. నా బిడ్డ లెక్క చూసుకుంట."

పెద్దమనుషులు చానాసేపు గుసగుసలాడుకున్నరు. భీమె నాయిన ఆఖరికి లేచి లోపలికి పోయి, సార్‌కు తాగనీకి నీళ్లు తెచ్చిండు. అంటే ఒప్పుకున్నట్టే. తిరిగొచ్చేటప్పుడు సార్ దారి పొడుగునా ఈల ఏసుకుంట మోపెడు నడిపిండు. అంత సంతోషంగ ఆయన్ని నేను మళ్ల చూడలే.

జగ్దల్‌పూర్ల సెలక్షన్లు వచ్చినయ్. భీమెకు పదిహేను వందల మీటర్లు. గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్ల సీటు, తిండి, బూట్లు, చదువు అన్నీ వాళ్లవే. ఆ వయసు గ్రూపుల ఆమెకు, ఆమె కంటె కొన్ని నెలలే పెద్దయిన నాకు అదే ఆఖరి ఏడు. కోంటాల మేం ఎవ్వరం ఆమె ఎనుక కూడ ఆనేటోళ్లం కాదు. సీటు ఆమెదే అని సార్ ముందుగాల్నే దుకాణంల అందరికీ చెప్పిండు. ఆమె నాయినకు కూడ కబురు పంపిండు.

పందెం రోజు పొద్దున జగ్దల్‌పూర్ గ్రౌండు మీద మమ్ముల ఎప్పటి లెక్కనే వరుసల నిలబెట్టి అడుగుకుంట వచ్చిండు. భీమె కాడికి వచ్చిండు.

"నీ సంత?"

"ఇయ్యాల్నే సార్! పొద్దుగాల్నే!"

ఆ పిల్ల నవ్వుకుంట చెప్పింది. అది నేను చూసిన. సార్ చూడలే, ఎందుకంటే ఆ మాట అడిగేటప్పుడు ఆయన ఎప్పుడూ ఎవ్వరి మొఖం చూసేటోడు కాదు.

"అయ్యో" అన్నడు. అట్లనే నిలబడి తలకాయ గోక్కున్నడు. "ఏం ఫికర్ లేదు బిడ్డా. నీ ఒంటి కంటె సీటు ఎక్కువ కాదు. నువ్వు కూసో. ఏదో ఒక తొవ్వ చూద్దాం."

"సార్..." అన్నది భీమె.

అప్పటికే సార్ పేర్లు రాసే టేబుల్ దిక్కు పోతున్నడు. పోయి ఆమె పేరు తీపిచ్చి నా పేరు రాయిచ్చిండు. నాకు ఎనిమిది వందలే సరిగ్గ రాదు. నా బనియను మీద నంబరు బట్టకు పిన్నీసులు భీమెనే పెట్టింది. ఒక పిన్నీసు నాకు గుచ్చుకున్నది. "మాఫ్ కరో అక్కా" అన్నది.

నేనెట్ల ఉరికిన్నో చెప్పుకుంటే సిగ్గు. వెనక నుంచి లెక్కపెడితే నేనే ముందు. దమ్ము రాక, ట్రాక్ చుట్టూ కట్టిన తాడు అవతల భీమె పక్కన పోయి పడిపోయిన. ఆమె నా వీపు రాసుకుంట మెల్లగ అన్నది:

"మా ఊర్ల గుడిసెల కూసోబెడ్తరు. సార్ ఈడ తాడు అవతల కూసోబెట్టిండు."

సార్ మా ఎనుకనే ఉన్నడు, నా కోసం గ్లూకోజు నీళ్లు కలుపుకుంట. ఇన్నడు. ఆ గ్లాసు నాకు ఇచ్చి మళ్ల మా దిక్కు రాలే. బస్సుల కూడ ముందు సీట్ల ఒక్కడే కూసున్నడు.

మరుసటి పొద్దున మేం కోంటా గ్రౌండుకు వచ్చేసరికి భీమె అప్పటికే ఉరుకుతున్నది. ఎవరూ చెప్పలే. సార్ పద్ధతి ప్రకారం ఆ రోజు నడవాలె. ఉరుకుతున్నది. ఓయమ్మో, అట్ల ఉరుకుడు నేనెప్పుడూ చూడలే. ప్రతి నెల సంత ముందు వారం ఆ పిల్ల కాళ్లీడ్చుకుంట, ఎవరితోటి మాట్లాడక, మొఖం ముడుచుకొని ఉండేది. సంత వచ్చిందంటే ఒంట్లకు గాలి దూరినట్టు తేలికయ్యేదట. ఈ ముచ్చట అప్పుడు ఆమె మాకు చెప్పలే, మేం అడగలే. ఆ రోజులల్ల ఎప్పుడూ నడిపిచ్చుడే కాబట్టి మాకు ఎట్ల తెలుస్తది? ఇప్పుడు మా ట్రైనింగులల్ల చెప్తున్నరు, ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కొక్క తీరు, కొందరికి ఆ రోజులు బరువు, కొందరికి ముందు వారం బరువు, కొందరికి ఏ తేడా ఉండదు అని. నేను పిల్లల ముందు ఆ ముక్క చెప్పినప్పుడల్లా భీమె యాదికొస్తది.

సార్ గీత కాడ నిలబడి స్టాప్‌వాచ్ నొక్కిండు. విజిల్ ఊదలే, అరవలే. ఆమె రౌండ్లు అయిపోంగనే మళ్ల నొక్కి, చూసి, జేబుల ఏసుకున్నడు.

"ఎంత సార్?" అని నేను అడిగిన.

"ఎండ పడి సరిగ్గ కనపడలే" అన్నడు.

ఎండ ఏడున్నది ఆ పొద్దు! మబ్బు పట్టి ఉన్నది. శెనగలు కూడ పంచకుండ పోయి దుకాణం తెరిచిండు.

ఆ ఏడు అయిపోంగనే భీమెకు ఆ గ్రూపు వయసు దాటింది. నాయినొచ్చి ఊరికి తీసుకపోయిండు. పోయేముందు ఆమె దుకాణం ముందు నిలబడితే, సార్ లోపల బస్తాల కాడ ఏదో పని ఉన్నట్టు బయటికి రాలే. భార్యతోటి బూట్లు పంపిచ్చిండు. ఆ తర్వాత ఆయన మా గ్రౌండుకు రావుడు తగ్గింది. ఒక రోజు ఆలస్యం, ఒక రోజు మోకాలు నొప్పి. బడికి కొత్త మాస్టారు వచ్చినంక పూర్తిగ బందు. మేం పొద్దున ఉరుకుకుంట దుకాణం ముందు నుంచి పోతే, చేటతోటి బియ్యం చెరుగుకుంట తలకాయ ఎత్తేటోడు, మళ్ల వంచుకునేటోడు. సంత ఎప్పుడని ఎవ్వరినీ అడగలే మళ్ల.

సార్ పోయే కొన్ని దినాల ముందు జగ్దల్‌పూర్ దవాఖానల ఆయన్ని చూసొచ్చిన. పొట్ట లేదు. మంచం మీద అంత పెద్ద మనిషి ఇంతైండు. నన్ను చూసి నవ్విండు. "ఇప్పుడు ఉరికిస్తే ఉరుకుత, బరువు తగ్గిన" అన్నడు. నవ్వుదామంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన భార్య చాయ్ కోసం బయటికి పోయేదాక ఆగి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసిండు.

"ఆ పొద్దు నాకు కనపడ్డది" అన్నడు.

"ఏంది సార్?"

"గడియారంల. జగ్దల్‌పూర్ల మొదటొచ్చిన పిల్ల కంటె తక్కువ టైముల ఉరికింది భీమె. మన గుంతల గ్రౌండు మీద. ఒక్కతే, పక్కన ఉరికేటోళ్లు లేకుండ. సంత రెండో రోజు." నడుమ దమ్ము తీసుకున్నడు. "ఆ సీటు ఆ పిల్లదే. నా చేతులతోటి నేనే తీసేసిన. ఆమె నాయినకు నా బిడ్డ లెక్క చూసుకుంటనని చెప్పి తెచ్చిన గదా."

"మీరు మంచికే చేసిండ్రు సార్."

"మంచికే" అన్నడు. "పోయి చెప్పాలనుకున్న. మోపెడు తీసేది, సగం తొవ్వల తిరిగొచ్చేది. నోరు రాలే నాకు. నువ్వు చెప్పు. మా సార్ తప్పు చేసిండు, ఆయనకు తెలుసు అని చెప్పు."

భార్య చాయ్ పట్టుకొని వచ్చింది. సార్ గోడ దిక్కు తిరిగిండు.

దినాల నాడు కోంటాకు పోయిన. సార్ ఇంట్ల బంధువులు చానామంది ఉన్నరు. ఫొటోకు దండ, ముందు ఆయనకు ఇష్టమైన గారెలు. ఏడ్చేటోళ్లు ఆ రోజు పెద్దగ లేరు. సరుకు ఎవరు చూసుకోవాలె, దుకాణం ఉంచాల్నా అమ్మాల్నా, ఇవే ముచ్చట్లు. మధ్యాహ్నం భీమె వచ్చింది, మరైగూడ దిక్కు నుంచి బస్సుల. ఎండకు నల్లబడ్డది, చీర కొంగు నడుముకు దోపుకున్నది. కాళ్లు మాత్రం అవే, సన్నగ, పొడుగ్గ. సార్ భార్య ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకపోయి ఫొటో ముందు నిలబెట్టింది. అన్నం తానే వడ్డించింది.

తిన్నంక మేమిద్దరం వెనుక వసారాల కూసున్నం. దవాఖానల సార్ అన్నదంతా చెప్పిన, గడియారం ముచ్చట, సీటు ముచ్చట, సగం తొవ్వల తిరిగొచ్చిన ముచ్చట. ఒక్క మాట మింగకుండ చెప్పిన. భీమె కాళ్లు ముందుకు చాపుకొని ఇన్నది.

"గెలుద్దునని నాకు ఎరుకే అక్కా" అన్నది.

"మరి ఆ రోజు సార్‌కు ఎందుకు చెప్పలేదే?"

"సార్ గదా! నాకు తెల్వనిది ఆయనకు తెలుసనుకున్న. ఆయన కూసో అంటే నా ఒంట్ల నాకు తెల్వని ఏదో చెడు ఉందేమో అనుకున్న. చానా దినాలు భయపడ్డ."

నేను ఆమెకు దగ్గరగ జరిగి కూసున్న.

"ఎన్నో ఏండ్లు అడిగిండు నన్ను. ఏ రోజు, ఏ రోజు అని. ప్రతిసారీ చెప్పిన. ఆ పొద్దు కూడ చెప్పిన." చాపిన కాళ్లు దగ్గరికి ముడుచుకున్నది. "ఉరుకుతవా అని అడగలే అక్కా. ఆ ఒక్క మాట అడిగుంటే, ఉరుకుత సార్ అందును."

అని మొఖానికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. లోపల దుకాణం లెక్కల ముచ్చట ఆగిపోయి, అందరూ లేచొచ్చి చూసిండ్రు. ఆ ఇంట్ల ఆ రోజు సార్ కోసం అంత గట్టిగ ఏడ్చింది ఆమె ఒక్కతే.